రెండో వైపు చివరి గాడి

గీకుడు అన్న పేరు అతనికి కన్నవాళ్ళు పెట్టింది కాదు, బావ పెట్టాడు. పెట్టిన రోజు వద్దన్నవాళ్ళు లేరు. అక్క చేత్తో నోరు మూసుకుని నవ్వింది. బావ స్నేహితులు ఆ మాత్రం మర్యాద కూడా లేకుండా బల్ల చరిచి మరీ నవ్వారు. అతను మాత్రం టీ కప్పులోకి చూస్తూ, తప్పు చేసినవాడు ఎలా కూర్చుంటాడో అచ్చం అలాగే కూర్చున్నాడు.

"మా బావమరిది గొప్పతనం వినండి," అన్నాడు బావ. "నేను డ్యూటీలో ఉండగా నా గదిలో దూరాడు. కొత్తగా తెచ్చుకున్న రికార్డు, నేనే ఇంకా రెండో వైపు తిప్పి చూడలేదు, దాన్ని పెట్టాడు. పరపరా గీకి వదిలాడు. పోనీ, కుర్రాడు, చెయ్యి జారిందనుకుందాం. ముల్లు ఒకే చోట ఇరుక్కుపోయి కొట్టుకుంటుంటే, అదే పాటనుకుని నోరు తెరుచుకుని విన్నాడట. ఎంతసేపు విన్నావురా?"

"కాసేపు," అన్నాడతను.

"కాసేపా? మీ అక్క వచ్చి భుజం తట్టేదాకా. గీకుడు వీడు. ఇవాళ్టి నుంచి వీడి పేరు గీకుడు."

పేరు పెట్టడం అయ్యాక శిక్ష. "ఇంకోసారి నా గది గుమ్మం దాటావంటే చూసుకో," అన్నాడు బావ, నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాటకి ఎదురు చెప్పడం కుదరదు. చెప్తే మనకే సరదా తెలీదంటారు. ఇళ్ళల్లో పెద్ద పెద్ద అన్యాయాలన్నీ ఇలా టీ తాగుతూ, నవ్వుకుంటూనే జరిగిపోతాయి.

అప్పటికి అక్క కడుపులో ఉన్న పిల్ల పుట్టింది, పెరిగింది, మాటలు నేర్చింది. ముందు అమ్మ అంది, తర్వాత నాన్న అంది, ఆ తర్వాత గీకుడు మావయ్య అంది. పిల్ల తప్పేం లేదు. ఇంట్లో విన్నదే పలికింది.

అతను చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని. దుకాణం ముందు భాగంలో వరసగా ఫ్రేములు, నిలువుటద్దాలు, వచ్చినవాళ్ళందరికీ ఏది పెట్టినా బాగుందని చెప్పే అమ్మాయి. తెర తీసుకుని వెనక్కి వెళ్తే ఇరుకు గది, నీళ్ళు చిమ్ముకుంటూ తిరిగే సానరాయి, దాని ముందు అతను. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచు నున్నగా చేసి, బిగించి ఇవ్వాలి. ఆ పనిలో జరగకూడనిది ఒక్కటే, అద్దం మీద గీత పడటం. అలాంటివాణ్ణి గీకుడు అని పిలవడమంటే వంటవాణ్ణి మాడుపు అని పిలిచినట్టే.

ఆ పేరు ఇంట్లోనే ఉండిపోయినా బాగుండేది. బావ స్నేహితుల్లో ఒకాయన కళ్ళజోడు చేయించుకోవడానికి వచ్చి, "మా గీకుడు ఇక్కడేనా పనిచేసేది?" అని ఓనరుని అడిగి, కథంతా పూసగుచ్చినట్టు చెప్పి పోయాడు. ఓనరు కడుపుబ్బ నవ్వాడు. ఆ తర్వాత చాలా రోజులు ఖరీదైన అద్దాలన్నీ పక్క బల్ల మీదకే వెళ్ళాయి. ఎందుకని అతను అడగలేదు. అడిగితే ఓనరు ఎక్కడ కారణం చెప్తాడోనని భయం. చెప్తే కాదనడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఎందుకంటే, తను ఆ రికార్డుని నిజంగా పాడు చేశాడో లేదో అతనికే తెలీదు.

బావ సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. బావ ప్రింటింగ్ ప్రెస్‌లో మెషిన్ నడిపేవాడు. రోజంతా ఆ రొదలో నిలబడి ఇంటికొచ్చేవాడు ప్రశాంతత కోరుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. బావ కోరుకున్నది ఇంకా పెద్ద రొద. పాత రికార్డులమ్మే కొట్టులో ఒక మూల, ఎవరూ ముట్టని అట్టపెట్టె ఒకటి ఉండేది. అందులో ఒక రికార్డు అట్ట మీద రంగులన్నీ పక్కకి జరిగిపోయి, మనిషి ముక్కు ఒకచోట, దాని ఎరుపు ఇంకోచోట అచ్చయి ఉంది. "మనకన్నా చెత్తగా వేసేవాడు ప్రపంచంలో ఉన్నాడు," అని ప్రెస్‌లో చూపించి నవ్వుకోవడానికి బావ దాన్ని కొన్నాడు. నవ్వులయ్యాక, కొన్నది కొన్నాం కదా అని ఇంట్లో పెట్టి విన్నాడు. అంతే, పడిపోయాడు. రంగులు పక్కకి జరపడం కూడా వాళ్ళు కావాలనే చేశారని ఎప్పటికో అర్థమైంది.

నాయిస్ రాక్ అంటారు దాన్ని. గిటార్లుంటాయి, కానీ మీటడానికి కాదు, రేకుని రోడ్డు మీద ఈడ్చినట్టు ఈడ్వడానికి. డ్రమ్ములుంటాయి, అవి మెట్ల మీంచి దొర్లుతున్నట్టుంటాయి. పాడేవాడెక్కడో నీళ్ళ ట్యాంకులో చిక్కుకుని పిలుస్తుంటాడు. ఆ గుంపుల అసలు పేర్లు బావకి నోరు తిరిగేవి కావు. రంపంవాళ్ళు, ఏడుపుగుంపు, నూతిలో మనిషి అని తనే పేర్లు పెట్టుకున్నాడు. పేర్లు పెట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

వినడంలో బావకో పద్ధతుంది. కొత్త రికార్డు తెస్తే మొదటి వైపు మాత్రమే వినేవాడు. అది ఎక్కడ ఏ చప్పుడొస్తుందో కంఠతా వచ్చేదాకా రెండో వైపు తిప్పేవాడు కాదు. "సగం భోజనం అరగకుండానే మళ్ళీ విస్తరేస్తారా?" అనేవాడు. ఇక అట్ట మీద రాతలు చదవడమంటే నామోషీ. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి అక్షరాలూ నేనే అచ్చేస్తున్నా. ఇంటికొచ్చి కూడా అక్షరాలేనా? పాట వినాలి గానీ చదవడమేంటి?"

రికార్డు గొడవ జరిగిన ఆ మధ్యాహ్నం అతను అక్కని చూడ్డానికి వెళ్ళాడు. అక్కకి కాళ్ళు వాచి మంచం దిగడం లేదు. "నీకేం తోచట్లేదు కదా, వెళ్ళి ఆయన రికార్డేదైనా పెట్టుకో. నాకూ గోడకి ఇవతల చప్పుడుంటుంది," అంది. అతను వెళ్ళి, ప్లేయరు మీద అప్పటికే ఉన్న బూడిదరంగు అట్ట రికార్డు తీసి చూశాడు. మొదటి వైపు ఏదో రెండో వైపు ఏదో అతనికేం తెలుసు? చేతికొచ్చిన వైపు పైకి పెట్టి ముల్లు దింపాడు.

మొదట పారిపోవాలనిపించింది. తర్వాత, పారిపోయే మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చూసినట్టు, చూసి ఆగిపోయాడు. చివర్లో ఆ రొదంతా కూలిపోయింది. కూలిన చోట చిన్న ముక్క మిగిలింది. ఘ్ర్ మని ఒక గీరుడు, టంగ్ మని ఒక దెబ్బ. మళ్ళీ గీరుడు, మళ్ళీ దెబ్బ. అది తిరుగుతూనే ఉంది. తన సానరాయికి అద్దం అంచు తగిలినప్పుడు వచ్చే చప్పుడే అది, కాకపోతే ఎవరో దాన్ని శ్రద్ధగా విని దాచిపెట్టినట్టుంది. ఒకసారి అది తలుపు మూసినట్టు వినిపించింది, ఒకసారి ఎవరో నిద్రలో ఊపిరి తీసినట్టు. చప్పుడు మారడం లేదు, తను మారుతున్నాడు. గుండెల్లో ఎప్పట్నుంచో బిగిసున్న మర ఏదో మెల్లగా వదులవుతున్నట్టు అనిపించి, అలాగే నిలబడిపోయాడు.

అక్క గోడ పట్టుకుని నడిచొచ్చి భుజం తట్టింది. "ఒరే, ఎంతసేపట్నుంచి అదే కొట్టుకుంటోందిరా. ముల్లు ఇరుక్కుపోయినట్టుంది, చూడు."

అతను గబుక్కున ముల్లుని పట్టి లాగాడు. జర్రుమంది. ఆ సాయంత్రం బావ రాగానే, దాచకుండా, జరిగింది జరిగినట్టు తనే చెప్పాడు. బావ రెండో వైపు తిప్పి, మిగతాదంతా వదిలేసి, చివర్లోనే ముల్లు దింపి చూశాడు. ముల్లు అక్కడే ఇరుక్కుంది. తీర్పు అయిపోయింది. నిజం చెప్పినందుకు దక్కిన బహుమానం ఆ పేరు.

తర్వాతి రోజుల్లో అతన్ని లోపల్లోపల తినేసింది గీత పడిందన్న సంగతి కాదు. పాడైపోయిన చప్పుడు తనకి నచ్చిందన్న సంగతి. జీవితంలో మొదటిసారి ఒకటి, ఎవరూ చెప్పకుండా, దానంతటది నచ్చింది. అది పొరపాటని తేలింది. ఆ రోజు నుంచి ఏది నచ్చినా ముందు పక్కవాళ్ళ మొహం చూసే అలవాటు పట్టుకుంది. చొక్కా కొన్నా, ఇల్లు అద్దెకి తీసుకున్నా, "నీకెలా ఉంది?" అని భార్యని అడిగేవాడు. "నన్నడుగుతావేంటి, నీకు నచ్చిందా లేదా?" అని ఆవిడ విసుక్కునేది. "బాగానే ఉన్నట్టుంది," అనేవాడు. ఇరవయ్యేళ్ళ పైచిలుకు కాపురంలో ఆవిడకి అతని ఇష్టాల గురించి తెలిసిందల్లా ఆ 'ఉన్నట్టుంది' ఒక్కటే.

బావ గది గుమ్మం మాత్రం మళ్ళీ దాటలేదు. ఏ పని మీద వెళ్ళినా గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేవాడు. బావ ఆ శిక్ష ఎప్పుడో మర్చిపోయాడు. వేసినవాడు మర్చిపోయాడని పడ్డవాడు కూడా మర్చిపోతాడా?

కొన్నాళ్ళకి ప్లేయరు బెల్టు సాగిపోయింది. బావకి ప్రెస్‌లో పని పెరిగింది, ఇంట్లో చదువుకునే పిల్ల, రికార్డులు అల్మరా ఎక్కాయి. ఇంకొన్నాళ్ళకి బావ రిటైరయ్యాడు. పిల్ల ఉద్యోగంలో చేరింది, చేరగానే చేసిన మొదటి పని ఆ ప్లేయరు బాగు చేయించడం.

"నాన్నా, ఇక అల్మరా తియ్యి. ఒక్కోటీ మొదట్నుంచి విందాం," అంది.

బావ తీశాడు. తీసి, అట్టలు దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూశాడు. వింతేమిటంటే, ప్రెస్ వదిలేశాక ఆయనకి అక్షరాల మీద బెంగ పట్టుకుంది. ఇప్పుడు చదవాలనుంది, కళ్ళు ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోవడం లేదని ఆయనా ఒప్పుకోలేదు.

"అచ్చు వెలిసిపోయింది," అన్నాడు.

"అచ్చు కాదు, మీ కళ్ళు వెలిసిపోయాయి," అంది అక్క. ఆ వారమే చెవి పట్టుకున్నంత పని చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, చీటీ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

అతను ఆ కళ్ళజోడుని ఎంత జాగ్రత్తగా చేశాడంటే, పక్క బల్ల కుర్రాడు, "ఏంటన్నా, సొంత కళ్ళు తీసి బిగిస్తున్నావా?" అన్నాడు. సెలవురోజు మధ్యాహ్నం పెట్టె జేబులో పెట్టుకుని వెళ్ళాడు. బావ గదిలో కుర్చీలో ఉన్నాడు, చుట్టూ నేల మీద రికార్డులు. మేనకోడలు కింద కూర్చుని తుడుస్తోంది. అతను గుమ్మంలో ఆగాడు.

"లోపలికి రావోయ్. అక్కణ్ణించే నా ముక్కు మీదకి విసురుతావా?" అన్నాడు బావ.

కళ్ళజోడు పెట్టి, చెవుల వెనక కాడలు సరిచేయాలంటే మనిషి దగ్గరకి పోక తప్పదు. అతను చెప్పులు విడిచి, నేల మీది రికార్డుల మధ్య నీళ్ళలో రాళ్ళ మీద నడిచినట్టు అడుగులేసుకుంటూ వెళ్ళాడు. కాడలు వంచాడు, ముక్కు మీద సర్దాడు. "ఏదైనా చదివి చూడండి బావా."

బావ చేతికందిన అట్ట తీశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఓరి వీళ్ళిల్లు బంగారం గాను. ఇదిగో, వినండి. ఈ రంపంవాళ్ళు రికార్డు చేసింది ఎక్కడో తెలుసా? డ్రమ్ములు కొట్టేవాడి అమ్మమ్మగారి కారు షెడ్డులోనట. ఆవిడకి కృతజ్ఞతలు చెప్పారు. నేనేమో వీళ్ళని రాక్షసులనుకున్నా ఇన్నాళ్ళూ."

"అమ్మమ్మ పాపం ఎలా భరించిందో," అంది మేనకోడలు.

"మీ అమ్మలాగే," అంది వంటింట్లోంచి అక్క.

ఆ మధ్యాహ్నం అలా సాగింది. ఒక్కో రికార్డూ పెట్టడం, అట్ట చదవడం, వినడం. ఏడుపుగుంపు విని బావ పెదవి విరిచాడు. "అప్పట్లో ఉక్కులా ఉండేది. ఇప్పుడు రేకులా ఉంది. తప్పు వాళ్ళదా నాదా?" నూతిలో మనిషి మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు, ఇంకా పిలుస్తున్నాడు, ఆ గొంతు మునుపటికన్నా దగ్గరగా వినిపించింది. బావ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అతను గోడకానుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ తాకకుండా విన్నాడు.

అప్పుడు బూడిదరంగు అట్ట బయటికొచ్చింది.

"ఇది వద్దులే," అన్నాడు బావ.

"ఇదేనా గీకుడు రికార్డు?" అంది మేనకోడలు. "చిన్నప్పట్నుంచి కథ వినడమే గానీ దీని మొహం ఎప్పుడూ చూడలేదు. ఏది, చూపించు నాన్నా." అట్టలోంచి తీసి, వెలుతురుకి పెట్టి తిప్పింది. "లేబులు చుట్టూ ఏదో రాసుంది. చీమ తలకాయంత. ఇది చదివితే కళ్ళజోడు పాసైనట్టే."

బావ తీసుకున్నాడు. రెండో వైపు లేబులు అంచు వెంబడి గుండ్రంగా ఉన్న రాతని, రికార్డు తిప్పుకుంటూ, పెదాలు కదుపుతూ చదివాడు. ఒకసారి తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. పెదాలు కదలడం ఆగింది.

"ఏముంది?" అంది మేనకోడలు.

"కనిపించట్లేదు," అన్నాడు బావ. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అద్దాలు సరిగ్గా లేవు. తీసుకెళ్ళి చూడు."

అతను కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని బయటపడ్డాడు. దారంతా ఒకటే ఆలోచన. మళ్ళీ చేశాడు. అదే మనిషికి, అదే గదిలో, మళ్ళీ పాడు చేశాడు. ఇన్నేళ్ళు ఒక్క గీత పడకుండా పని చేసిన చేతులు సరిగ్గా బావ దగ్గరికొచ్చేసరికి మాట వినవు. కొందరి ముందు మన చేతులు మనవి కావు. భార్య అన్నం తిన్నావా అంటే, తిన్నట్టుంది అన్నాడు.

మర్నాడు దుకాణం తెరవగానే పవరు చూసే మెషిన్ కింద పెట్టి చూశాడు. కుడి అద్దం సరిగ్గా ఉంది. ఎడమది సరిగ్గా ఉంది. చీటీ పక్కన పెట్టుకుని మళ్ళీ చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. పక్క బల్ల కుర్రాడి చేత చూపించాడు. "ఇది తప్పంటే మన మెషినే తప్పన్నా," అన్నాడు వాడు.

ఉక్రోషమంటే ఏమిటో అతనికి పెద్దగా అలవాటు లేదు. ఆ రోజు వచ్చింది. పని కాగానే నేరుగా అక్కవాళ్ళింటికి వెళ్ళాడు. దారి పొడుగునా ఒకే వాక్యం వల్లె వేసుకున్నాడు. బావ గది తలుపు తీసే ఉంది. గుమ్మంలో ఆగాడు, వాక్యం అప్పజెప్పాడు.

"బావా, అద్దాలు సరిగ్గానే ఉన్నాయి."

"తెలుసు," అన్నాడు బావ.

"తెలుసా?"

"నిన్ననే తెలుసు. నాకో రోజు టైం కావాల్సొచ్చింది. రా, కూర్చో. అక్కడ కాదు, ఇక్కడ." లేచి తన కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలో అక్క కూడా ఎప్పుడూ కూర్చోలేదు. అతను అంచున కూర్చున్నాడు. బావ కళ్ళజోడు అడిగి తీసుకుని పెట్టుకున్నాడు, బూడిదరంగు రికార్డు చేతిలోకి తీసుకున్నాడు, లేబులు అంచు వెంబడి వేలు నడుపుతూ, తన మాటల్లోకి మార్చుకుంటూ చదివాడు.

"ఈ వైపు చివర పాట ఆగదు. ముల్లు తిరిగే చివరి గాడి మళ్ళీ తనలోనే కలుస్తుంది. చాలనిపించినప్పుడు ముల్లు మీరే ఎత్తుకోండి."

అతనికి వెంటనే అర్థం కాలేదు. "అంటే?"

"అంటే ఏముంది. అది ఇరుక్కోవడం కాదు. వాళ్ళు అలాగే చేశారు, కావాలని. నువ్వు పెట్టినా అంతే, నేను పెట్టినా అంతే, ఆ అమ్మమ్మ పెట్టినా అంతే. నిన్న నువ్వెళ్ళాక మొత్తం విన్నా. రెండో వైపు మొత్తం, మొదటిసారి. ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకుని." బావ గొంతు సవరించుకున్నాడు. "నీ గీత కూడా ఉందిలే. నువ్వు లాగినప్పటిది. చివరి గాడికి అవతల, లేబులు పక్కన, ఖాళీ చోట. అక్కడ వినేదేం లేదు."

అతను జేబులోంచి పనిలో వాడే చిన్న భూతద్దం తీశాడు. రికార్డు అడిగి తీసుకున్నాడు. కంటికి పెట్టుకుని కిటికీ వెలుతుర్లో చూశాడు. ఉంది, సన్నటి గీత, గాళ్ళన్నీ దాటాక, ఎవరికీ అక్కర్లేని చోట. గాళ్ళు మాత్రం చెక్కుచెదరకుండా, ఒకదాని పక్కన ఒకటి, నీళ్ళలో అలల్లా ఉన్నాయి. చివరిది చక్కగా చుట్టు తిరిగి తన తోక తనే పట్టుకుంది. ఇంత పొందికగా చెక్కిన గాడిని చెయ్యి జారి ఎవడు గీయగలడు? అప్పుడే చూసుంటే ఒక్క చూపులో తెలిసిపోయేది. అప్పుడు ఎవరూ చూడమనలేదు, అతనూ చూస్తానని అడగలేదు.

భూతద్దం పక్కన పెట్టాడు. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు. రాలేదు. ఇరుకు చెప్పులు విప్పేసినట్టు ఉంది, అంతే.

"నువ్వు ఆ రోజు నిలబడి విన్నావు చూడు," అన్నాడు బావ కిటికీలోంచి బయటికి చూస్తూ. "అది పాటేరా. నువ్వు విన్నది పాటే. మా అందరికన్నా ముందు నువ్వే విన్నావు. మేం నవ్వాం."

క్షమించమని బావ అనలేదు. ఆ మాట ఆయన నోటికి నాయిస్ రాక్ గుంపుల పేర్లకన్నా కష్టం. దానికి బదులు వంటింటి వైపు తిరిగి గట్టిగా, "ఏమోయ్, మీ తమ్ముడికి టీ ఇవ్వు. పెద్ద కప్పులో," అన్నాడు. అక్క టీ తెచ్చి, తమ్ముణ్ణి ఆ కుర్చీలో చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. బావ సంగతి చెప్పాడు. అక్క కప్పు తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది.

"భుజం తట్టింది నేనే కదరా," అంది చివరికి.

"నువ్వేం చేస్తావక్కా. నాకే అనిపించింది, నిజంగానే ఇరుక్కుందేమోనని."

"నీకలా అనిపించలేదు. నా కళ్ళతో చూశాను, నీ మొహం ఎంత బాగుందో ఆ రోజు. నేనే చెడగొట్టాను."

కాసేపటికి మేనకోడలు ఆఫీసు నుంచి వచ్చి అంతా విని, తండ్రిని కడిగేసింది. "ఒక్క లైను చదివుంటే అయిపోయేది కదా నాన్నా. ప్రెస్‌లో పనిచేసి ఏం లాభం?" తర్వాత మావయ్య వైపు తిరిగి, "ఇక నిన్ను అలా పిలవను మావయ్యా," అంది.

"పిలువమ్మా, పర్లేదు," అన్నాడతను. అనేశాక తనకే ఆశ్చర్యమేసింది. మర్యాదకి అన్నమాట కాదది. నిజంగానే పర్లేదు. చెయ్యని తప్పుకి పెట్టిన పేరు ఉత్త పేరే, దానికి పళ్ళుండవు.

మర్నాడు దుకాణంలో, ఆపుకోలేక, ఓనరుకి చెప్పాడు. "సార్, ఆ రికార్డు నేను పాడు చెయ్యలేదండీ. తేలిపోయింది."

ఓనరు లెక్కల్లోంచి తలెత్తాడు. "ఏ రికార్డు?"

అతను వివరించబోయాడు, ఆగిపోయాడు. ఖరీదైన అద్దాలు పక్క బల్లకి వెళ్ళిన రోజులు ఆయనకి గుర్తే లేవు. ఇన్నాళ్ళూ మోసింది తనొక్కడే. మోసినన్నాళ్ళు కోపమొచ్చి ఉండాల్సింది, దించాక నవ్వొచ్చింది. "ఏం లేదు సార్," అని తెర వెనక్కి వెళ్ళి సానరాయి ఆన్ చేశాడు. ఘ్ర్ మంది. అద్దం తగిలించాడు. టంగ్ మంది. చాలాకాలం తర్వాత దాన్ని దొంగచాటుగా కాకుండా విన్నాడు.

ఆ నెల అతను ఒక చొక్కా కొన్నాడు, ముదురు నారింజ రంగుది. భార్య చూసి, "ఇదేం రంగు?" అంది. "నాకు నచ్చింది," అన్నాడు. ఆవిడ చేతిలో పని ఆపి అతని మొహంలోకి చూసింది. ఆ చొక్కా నిజానికి అతనికి ఏమాత్రం నప్పలేదు. అది వేరే సంగతి.

ఇప్పుడు వారానికోసారి బావ గదిలో ఇద్దరూ కూర్చుంటారు. కుర్చీ కోసం వాదులాట ఉంటుంది, ఎక్కువసార్లు బావే నేల మీద చతికిలబడతాడు. బావ తన పద్ధతి కూడా మార్చుకున్నాడు. ఏ రికార్డైనా ముందు అట్ట చదువుతాడు, తర్వాత రెండు వైపులూ వింటాడు. ఆలస్యంగా బుద్ధొచ్చినవాళ్ళందరిలాగే ఇప్పుడు మరీ ఎక్కువ చదువుతున్నాడు, కాగితం తయారైన చోటు కూడా వదలడం లేదు.

కిందటి వారం కలిసినప్పుడు కూడా బూడిదరంగు రికార్డే పెట్టారు. నారింజ చొక్కా వేసుకుని అతను కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. రొదంతా కూలిపోయి, చివరి గాడి మిగిలింది. గీరుడు, దెబ్బ. గీరుడు, దెబ్బ. బావ నేల మీద కూర్చుని కునుకు తీస్తున్నాడు. టీ చల్లారింది. అది తిరుగుతూనే ఉంది. వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈసారి భుజం తట్టలేదు.

"ఒరే, ఇంక ఎత్తరా ఆ ముల్లు," అంది.

అతను కళ్ళు తెరవకుండానే అన్నాడు, "ఉండక్కా. ఇంకా చాలనిపించలేదు."